రానివాళ్ళు ఒప్పుకున్నట్లే

పుష్పావతి పదకొండేళ్ళుగా చొక్కాలకు కాలర్లు అతికిస్తోంది. బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో ఆమె పనిచేసే గార్మెంట్ ఫ్యాక్టరీలో ఏ చొక్కా కూడా ఒక్కరి చేతిలో తయారవదు. ఒకరు జేబు కుడితే ఒకరు చేతులు కుడతారు, ఇంకొకరు కాజాలు తీస్తారు. ఇరవై ముక్కల్ని కట్టగా కట్టి, పైన ఒక చీటీ పెట్టి, బల్ల నుంచి బల్లకు జరుపుతూ పోతారు. మధ్యలో ఒక మనిషి లేచి వెళ్ళిందంటే ఆమె బల్ల మీద కట్టలు గుట్ట పడతాయి, ఆమె తర్వాతి వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారు, సూపర్‌వైజరు నోరు తెరుస్తాడు. ఆ నోట్లోంచి వచ్చేది ఇక్కడ రాయదగింది కాదు.

అందుకని అక్కడ రజా, అంటే సెలవు, కావాలంటే మూడు రోజుల ముందే అర్జీ ఇవ్వాలి. కూతురి బడిలో తల్లిదండ్రుల సంఘం మీటింగు కబురు మాత్రం ముందురోజు సాయంత్రం ఏడింటికి ఫోన్లో వచ్చి పడుతుంది. రేపు బుధవారం పొద్దున పదకొండు గంటలకు సమావేశం, అందరూ తప్పకుండా రావాలి అని రాసి, కింద రెండు దండం బొమ్మలు. మూడు రోజుల ముందు అడగాల్సిన రజాను రాత్రికి రాత్రి ఎక్కణ్ణుంచి తేవాలో ఆ దండం బొమ్మలు చెప్పవు. పోనీ, రాలేనని గ్రూపులో రాద్దామా అంటే సంఘం పెద్దలు తప్ప ఇంకెవరూ రాయడానికి లేకుండా దానికి తాళం వేసి పెట్టారు. అంటే చెవులు ఉండొచ్చు, నోరు ఉండకూడదు. పుష్పావతికి అది మింగుడుపడని సంగతి, ఎందుకంటే ఆమెకు నోరు కాస్త ఎక్కువే.

ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. ములబాగిలు దగ్గర పల్లెలో ఆమె ఏడో తరగతి ముగించిన ఏడాది, పట్నంలో ఆడపిల్లల హాస్టల్లో ఒక సీటు ఆమె పేరు మీద వచ్చింది. ఫలానా గురువారం తండ్రి వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఆ గురువారం తండ్రి పెద్దమునియప్ప టమాటా లోడుతో కోలారు మండీలో ఉన్నాడు. కోసిన కాయను ఆ రోజే మండీకి చేర్చకపోతే మర్నాటికి అది పశువుల పాలే. శుక్రవారం తెల్లవారగానే, కాళ్ళకున్న మట్టి కూడా కడుక్కోకుండా, కూతుర్ని వెంటబెట్టుకుని బడికి పరుగెత్తాడు. రాలేదు కాబట్టి మీకు అక్కర లేదనుకున్నాం, సీటు ఇంకొకరికి ఇచ్చేశాం అన్నాడు గుమాస్తా. పెద్దమునియప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "సరే సామీ" అని వెనక్కి తిరిగాడు.

తండ్రి ఆ మాట అన్నప్పుడు పక్కనే నిలబడి ఉంది పన్నెండేళ్ళ పుష్పావతి. ఇక ఈ జన్మలో ఎవరి ముందరా సరే సామీ అనకూడదని అక్కడే నిశ్చయించుకుంది. చదువు పోయింది, నోరు మిగిలింది.

పెళ్ళయ్యాక హెబ్బగోడికి వచ్చింది. ఒక గది, ఒక వంటగట్టు, ఆరిళ్ళకు కలిపి ఒక కొళాయి. భర్త నవీన్ హొసకోటె గోడౌన్లలో వ్యాను నడుపుతాడు. ఊరికి ఆ చివర అతను, ఈ చివర ఈమె, మధ్యలో బెంగళూరంత బెంగళూరు. రోజూ తిరగడం కుదరక అతను అక్కడే తోటి డ్రైవర్లతో ఉండి శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. మిగతా వారమంతా తల్లీ కూతురే. కూతురు శ్రుతి ఐదో తరగతి. తల్లి నోరంతా ఈ పిల్లకు చదువులో దిగింది, ప్రశ్న అడిగితే చాలు టీచరు గడియారం చూసుకునేదాకా వదలదు.

బడి మూడున్నరకు వదులుతారు. ఫ్యాక్టరీ ఐదున్నరకు. పుష్పావతి నడిచి బడి గేటు దగ్గరికి చేరేసరికి ఆరు. ఆ రెండున్నర గంటలూ పిల్లల్ని పెట్టుకోవడానికి బడిలో ఒక గది ఉంది. దానికి పేరేమీ లేదు, అందరూ సాయంత్రం గది అంటారు. ఒక ఆయా, రెండు చాపలు, కాళ్ళు విరిగిన బెంచీ ఒకటి. అరవై రెండు మంది పిల్లలు అక్కడ హోంవర్కు చేసుకుంటారు, కొట్టుకుంటారు, మళ్ళీ కలిసిపోతారు, తల్లులు వచ్చి తీసుకుపోతారు. పుష్పావతి బతుకులో ఆ గది ఒక్కటి లేకపోతే మిగతా ఏదీ నిలవదు. గదైనా ఉండాలి, ఉద్యోగమైనా మానాలి, లేదా శ్రుతిని ములబాగిలు పల్లెకు పంపెయ్యాలి. ఆ పల్లెలో ఈ రోజుకీ ఏడో తరగతి వరకే ఉంది.

ఒకసారి పుష్పావతి గట్టి పట్టు పట్టింది. ఏమైనా కానీ మీటింగుకు పోవాలని, నెలాఖరు బుధవారం పెడతారని తనే లెక్కేసుకుని, మూడు రోజుల ముందే అర్జీ ఇచ్చి, సూపర్‌వైజరు చేత నాలుగు మాటలు పడి రజా సంపాదించింది. ఇస్త్రీ చీర కట్టుకుని పదకొండుకు పది నిమిషాల ముందే బడికి పోయింది. మీటింగు వచ్చే బుధవారానికి జరిపారని వాచ్‌మన్ చెప్పాడు. ఎందుకంటే ఆ రోజు అధ్యక్షులవారి తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశమట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ అధ్యక్షులవారు అమరనాథ్. మూడు తరాలుగా బెంగళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళు, పెద్దబజారులో పైపులూ రంగుల అంగడి. చెడ్డవాడని అనడానికి లేదు. బడి హాల్లో ఫ్యాన్లు ఆయన పెట్టించినవే. కాకపోతే లోకమంతా తన గడియారం ప్రకారమే నడుస్తోందని ఆయన నమ్మకం. పదింటికి టిఫిను అవుతుంది, అంగడి పనివాళ్ళు చూసుకుంటారు, పన్నెండుకు బుధవారపు రాహుకాలం వస్తుంది, దానికి ముందు ఒక గంట మీటింగు. పంచాంగం చూడనిదే ఆయన మేకు కూడా కొట్టడు. ఆయనకు వీలైన గంట అందరికీ వీలవుతుందని, రానివాళ్ళకు పిల్లల మీద శ్రద్ధ లేదని మనస్ఫూర్తిగా నమ్మేవాడు. మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళతోనే కదా వచ్చిన చిక్కంతా.

ఆ జులైలో ఒక గురువారం శ్రుతి డైరీలో మడిచిన కాగితం ఒకటి వచ్చింది. కన్నడంలో ఒక పక్క, ఇంగ్లీషులో ఒక పక్క. పుష్పావతి కన్నడం రెండుసార్లు తనే చదివింది, ఇంగ్లీషు శ్రుతి చేత చదివించింది, ఎటు తిప్పినా సంగతి ఒకటే. బుధవారం జరిగిన సమావేశంలో సాయంత్రం గది మూసెయ్యాలని తీర్మానించారు. పిల్లలు బడి అయ్యాక ఇంట్లో తల్లుల దగ్గర ఉండడమే మంచిదని సంఘం అభిప్రాయం. నియమం ప్రకారం ఇంకొక సమావేశంలో మళ్ళీ చదివి దాన్ని ఖాయం చేస్తారు. హాజరైనవారు తొమ్మిది మంది. కింద చిన్న అక్షరాల్లో సంఘం నియమం: హాజరు కానివారు తీర్మానానికి సమ్మతించినట్లే భావించబడును.

ఆ చివరి ముక్క దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. కాలర్ల దగ్గర వంగి కూర్చున్న నిన్నటి పదకొండు గంటలకు తను ఒక తీర్మానానికి ఒప్పుకుందన్నమాట. తన కూతుర్ని తన దగ్గర లేకుండా చేసే తీర్మానానికి. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. ఏడ్చే మనిషి కాదు కాబట్టి గిన్నెలు తోమింది, ఆ పూట తోమినవి మళ్ళీ తోమింది.

మర్నాడు సాయంత్రం శ్రుతిని వెంటబెట్టుకుని నేరుగా అమరనాథ్ అంగడికి పోయింది. ఆయన కూర్చోమని స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు, కాగితం బల్ల మీద పరిచింది.

"మూడున్నర నుంచి ఆరు దాంకా పిల్లలు యాడుండాలప్పా?"

"తల్లి దగ్గరుండాలమ్మా. బడి ఉండేది చదువు చెప్పేకి, కావలి కాసేకి కాదు."

"తల్లి ఫ్యాక్టరీలో ఉండాది."

ఇవన్నీ మీటింగుకు వచ్చి చెప్పాల్సిన మాటలని, పిలిచినప్పుడు రాకుండా ఇప్పుడొచ్చి అంగట్లో అడిగితే ఎట్లా అని ఆయన నెమ్మదిగానే అన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు కాబట్టి ఆమె అడిగింది. ఈ రెండో మీటింగైనా ఆదివారం పెట్టమంది. వారంలో ఆ ఒక్కరోజే తమందరికీ రజా అని, మీటింగు పిలవడానికి అధికారం ఆయనది కాబట్టి ఆయన్నే అడుగుతున్నానని చెప్పింది.

అమరనాథ్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. ఆదివారం పొద్దున తమ ఇంట్లో పూజ అన్నాడు, మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త నడుం వాల్చడం అన్నాడు. తర్వాత ఆయన మొహంలో ఒక చిరునవ్వు మొలిచింది.

"సరేమ్మా. ఇంతగా అడగతా ఉండావు. వచ్చే ఆదివారం కాదు, దాని పై ఆదివారం. నాలుగున్నరకి పెడతా, ఆరుకంతా ముగించండి. చాలునా?"

ఆమె ముందరే ఫోను తీసి గ్రూపులో రాసి పంపాడు, దండం బొమ్మలతో సహా. నాలుగున్నర అనగానే పుష్పావతి లెక్క కట్టేసింది. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు వరకు రాహుకాలం. అది తెలుసుకోవడానికి ఆమెకు క్యాలెండరు అక్కర లేదు. శ్రుతిని మొదటిసారి బడిలో వేసిన సోమవారం నాడు, రాహుకాలం దాటనీ అని గేటు బయట గంటన్నర నిలబెట్టిన మనిషి ఆమె. ఆ గంటలో ఎవరూ గడప దాటరు, మంచి మాట ఎత్తరు, మీటింగుకైతే అసలే రారు. రాకపోతే ఒప్పుకున్నట్లే. అడిగింది ఇచ్చినట్టే ఇచ్చి, అందులోనే ముడి వేశాడు పెద్దమనిషి. ఇంకో గంట అడగడానికి ఇక మొహం లేదు. ఆమె చాలునన్నట్టు తల కూడా ఊపలేదు, కాగితం మడిచి కొంగున కట్టుకుని వచ్చేసింది.

ఆ ఆదివారం సాయంత్రం చౌడమ్మ గుడికి పోయింది. గుడి అంటే పెద్దదేమీ కాదు, బడికి రెండు సందుల అవతల, నాలుగు గోడలూ ఒక రేకుల చావడీ. హెబ్బగోడి ఆడవాళ్ళు అక్కడ నిమ్మకాయ దీపాలు పెడతారు. నిమ్మకాయను రెండు చెక్కలు చేసి, రసం పిండి, చెక్కను తిరగేసి దొన్నెలా చేసి, అందులో నెయ్యి పోసి ఒత్తి వెలిగిస్తారు. కష్టం తీరాలని పెట్టే ఈ దీపం రాహుకాలంలోనే పెట్టాలి. తీరిక ఉన్న ఇళ్ళవాళ్ళు మంగళవారం మధ్యాహ్నమో శుక్రవారం పొద్దునో పెట్టుకుంటారు. ఆ రెండు రాహుకాలాలూ ఫ్యాక్టరీ గంటల్లోనే వస్తాయి. అందుకని మిషన్ల మీద బతికే ఆడవాళ్ళు పూజారిని బతిమాలి ఆదివారానికి మార్చుకున్నారు. అమ్మవారే ఆదివారానికి ఒప్పుకుంది, సంఘం ఒప్పుకోలేదు.

గుడి ముందు నిమ్మకాయలూ పూలూ అమ్మేది పిల్లమ్మ. పుష్పావతి ఉండే వరసలోనే ఉంటుంది. ఆమె కోడలూ గార్మెంటే, మనవడూ సాయంత్రం గదిలోనే. పై ఆదివారం దీపానికి రాలేనని, ఎవరు వచ్చినా రాకున్నా నాలుగున్నరకు ఒక్కతే పోయి ఆ హాల్లో కూర్చుంటానని, తన మొక్కు మధ్యలో ఆగిపోతుందని పుష్పావతి ఆమెకు చెప్పుకుంది. చెబుతుంటే గొంతులో కోపమే ఉంది గాని, కింద ఒంటరిదాన్నన్న బెంగ కూడా ఉంది.

పిల్లమ్మ నిమ్మకాయ కోస్తున్న కత్తి ఆపింది.

"నాలుగున్నరకి ఎవురూ రారని ఎవురు చెప్పిరి నీకు? ఒకసారి వెనక్కి తిరిగి చూడు."

పుష్పావతి తిరిగి చూసింది. రేకుల చావడి నిండా ఆడవాళ్ళు. కాజాల దగ్గర పనిచేసే ఆమె, జేబుల దగ్గర ఉండే అక్కాచెల్లెళ్ళు, ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసులు తుడిచేవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, పక్కన పిల్లలు. సాయంత్రం గది గేటు దగ్గర ఆరింటికి కనిపించే మొహాలే అన్నీ. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం చూస్తున్న గుంపే. తను కూడా అందులోదే కాబట్టి అది గుంపని ఎప్పుడూ తోచలేదు.

ఒక్క భయం మాత్రం మిగిలింది. దీపం వేరు, పని వేరు. రాహుకాలంలో మంచి పని మొదలుపెడితే చెడుతుందని పుట్టినప్పటి నుంచీ వింటున్నది. ఆ మాటే అడిగింది.

"మొదలుపెట్టేది నువ్వు కాదు కదే," అంది పిల్లమ్మ. "వాళ్ళు మొదలుపెట్టిండేదాన్ని ఆపేకి పోతా ఉండావు. ఆపేకి రాహుకాలం కంటే మంచి గంట యాడుండాది?"

పుష్పావతి అప్పుడు నవ్వింది. ఆ కాగితం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ సోమవారం నుంచి ఫ్యాక్టరీలో కబురు కట్టల మీద నడిచింది. లైనులో పక్కవాళ్ళతో మాట్లాడకూడదు, ఫోను బయట లాకరులో ఉంటుంది. కానీ కట్టను పక్క బల్లకు జరపడం పనే కదా. కట్ట పైన ఉండే చీటీ వెనక సుద్దతో నాలుగున్నర అని రాసి పుష్పావతి చేతుల బల్లకు జరిపింది. అక్కణ్ణుంచి కఫ్‌లకు, కఫ్‌ల నుంచి కాజాలకు పోయింది. అర్థం కానివాళ్ళు భోజనం గంటలో వచ్చి అడిగారు, అడిగినవాళ్ళకు ఆమె డైరీ కాగితం చూపించింది. రానివాళ్ళు ఒప్పుకున్నట్లే అన్న వాక్యం దగ్గర ప్రతి ఒక్కరూ ఒకసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశారు. ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. గురువారానికి బొత్తాల బల్ల నుంచి ఒక చీటీ వెనక్కి వచ్చింది, దాని మీద సుద్దతో సరే అని రాసి ఉంది.

అమరనాథ్‌కు ఇవేవీ తెలియవు. తెలిసే దారి ఆయనే మూసుకున్నాడు, గ్రూపులో ఎవరూ నోరెత్తకుండా తాళం వేసింది ఆయనే. పైగా ఆయన ఇంటి ఆడవాళ్ళు నిమ్మకాయ దీపం శుక్రవారం పొద్దున పెట్టుకుంటారు. ఆదివారం రాహుకాలంలో కూడా దీపాలు వెలుగుతాయని, వెలిగించేవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఆయన ఊహకే రాలేదు. తిథి వార నక్షత్రాలన్నీ తెలిసిన మనిషికి పక్క సందు సంగతి తెలియలేదు.

ఆదివారం నాలుగు గంటలకు బడి హెడ్‌మిస్ సావిత్రమ్మ హాలు తాళం తీసి, బల్ల ముందు కూర్చుంది. దిద్దాల్సిన పరీక్ష కాగితాల కట్ట కూడా తెచ్చుకుంది, ఆరు వరకు కాలం గడవాలి కదా. తీర్మానాల పుస్తకంలో తారీఖు వేసి, హాజరు అన్నచోట పెన్సిలుతో ఎవరూ లేరు అని ముందే రాసి పెట్టుకుంది. ఆమె తప్పేమీ లేదు, అధ్యక్షులు ఫోనులో అట్లానే జరుగుతుందని చెప్పారు.

చౌడమ్మ గుడిలో సరిగ్గా నాలుగున్నరకు దీపాలు వెలిగాయి. ఎవరి దీపం వాళ్ళు అమ్మవారి ముందు పెట్టి, దండం పెట్టుకుని, కుంకుమ నుదుట దిద్దుకుని బయటికొచ్చారు. ఇంటివైపు తిరగాల్సిన సందు దగ్గర ఎవరూ తిరగలేదు. పిల్లమ్మ పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పి తనూ నడిచింది. నవీన్, అతనితో ఇంకో పదిమంది మగవాళ్ళు, రాహుకాలమని మొదట గొణిగినవాళ్ళే, పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుని వెనక వచ్చారు. ఐదు కావడానికి పది నిమిషాలుండగా బడి గేటు దగ్గర చెప్పులు విడిచే చప్పుడు మొదలైంది, అది చాలాసేపు ఆగలేదు.

సావిత్రమ్మ తలెత్తి చూసింది. చూస్తూ చూస్తూనే రబ్బరు వెతికి, పెన్సిలుతో రాసింది చెరిపేసింది.

కుర్చీలు పన్నెండే వేసి ఉన్నాయి. అందరూ కింద కూర్చున్నారు. పుస్తకంలో సంతకాలు అయ్యేసరికి తొంభై నాలుగు. ఆ బడి పుట్టినప్పటి నుంచి సంఘం మీటింగుకు అంతమంది వచ్చింది లేదు. సావిత్రమ్మ కొంచెం తడబడి, అధ్యక్షులు రావాలి కదా అని ఆయనకు ఫోను చేసింది. ఆరు దాటాక బయలుదేరుతానని, రాహుకాలంలో తను గడప దాటనని, అంతవరకు ఏదీ మొదలుపెట్టొద్దని ఆయన అనడం అందరికీ వినపడింది.

పుష్పావతి లేచి నిలబడింది. లైనులో సూపర్‌వైజరుకు బదులు చెప్పడం వేరు, తొంభై నాలుగు మంది ముందు నిలబడడం వేరు. ముందు వరసలో కూర్చున్న శ్రుతి తల్లివైపు కళ్ళార్పకుండా చూస్తోంది.

"మిస్, ఆరింటికి మేము పొయ్యి ముట్టించుకోవాల, రేపటికి పిండి రుబ్బుకోవాల. నోటీసులో నాలుగున్నర అని ఆయనే రాసినారు. మేము వస్తిమి. బుధవారం పదకొండింటికి మేము రాలేకపోతే ఎవురైనా మాకోసం కాచుకోనుండిరా?"

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో సావిత్రమ్మ కూడా తన పిల్లల్ని ఎన్నో సాయంత్రాలు పక్కింటి గడప మీద కూర్చోబెట్టి వచ్చిన మనిషే. పెన్ను మూత తీసి, రాసేది తన చెయ్యేనని, చెప్పమని అంది.

పుష్పావతి పెద్దగా ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. బుధవారం తీర్మానం పైకి చదివింది. ఇది కావాలన్నవాళ్ళు చెయ్యెత్తమంది. ఒక్క చెయ్యీ లేవలేదు. వద్దన్నవాళ్ళు ఎత్తమంటే హాల్లో చేతులు తప్ప ఏమీ కనిపించలేదు, చెయ్యెత్తే వయసు రాని పిల్లలు కూడా ఎత్తారు, వాటిని సావిత్రమ్మ లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం గది ఉన్నది ఉన్నట్టే ఉండాలని మొదటి తీర్మానం. ఇకమీదట సంఘం మీటింగు ఎప్పుడు పెట్టినా ఆదివారం నాలుగున్నరకే పెట్టాలని, పది రోజుల ముందే చెప్పాలని రెండోది. గ్రూపు తాళం తియ్యాలని మూడోది, అది పిల్లమ్మ అడిగింది, ఆమె దగ్గర ఫోను కూడా లేదు. మొదటి రెంటికీ ఇంకో మీటింగులో చదివి ఖాయం చెయ్యాల్సిన నియమం వర్తిస్తుందా అని సావిత్రమ్మ సందేహపడింది. వర్తిస్తే వర్తించనీ, వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఉంటాం, దీపం ఎట్లాగూ పెట్టాలి కదా అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. ఆ మాటకు హాలంతా నవ్వింది.

ఆరు దాటి ఐదు నిమిషాలకు అమరనాథ్ వచ్చాడు. ఉతికిన పంచె, నుదుట విభూది, చేతిలో కారు తాళంచెవి. గేటు దగ్గర చెప్పుల రాశి చూసి ఏదో పెళ్ళి అనుకుని ఉంటాడు. లోపలికి రాగానే అందరూ లేచి పక్కకు జరిగి దారి ఇచ్చారు, మర్యాదలో లోటేమీ చెయ్యలేదు. ఆయన తీర్మానాల పుస్తకం తన వైపుకు తిప్పుకుని చదివాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"గది ఉండాలని అందరూ ఒప్పుకున్నారని రాసుకుంటిరి. అందరూ అంటే ఎవురు? నేను యాడ ఒప్పుకుంటిని?"

పుష్పావతి కొంగు ముడి విప్పింది. తొమ్మిది రోజులుగా అక్కడే ఉన్న డైరీ కాగితం నాలుగు మడతల్లో నలిగిపోయి ఉంది. దాన్ని పుస్తకం పక్కన పరిచి, కింద చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. ఆ వేలికి సూది గుచ్చుకున్న పాత మచ్చలు నాలుగైదు ఉన్నాయి.

"మీరు రాలేదు కదప్పా," అంది. "రానివాళ్ళు ఒప్పుకున్నట్లే."

అమరనాథ్ ఆ వాక్యం చదివాడు. తను రాయించినదే, ఏ అక్షరమూ మారలేదు. చుట్టూ చూశాడు. తొంభై నాలుగు నుదుళ్ళ మీద చౌడమ్మ కుంకుమ, ఎవరి చూపూ కిందికి దిగలేదు. సావిత్రమ్మ పెన్ను ఆయన చేతికిచ్చి, అధ్యక్షుల సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆయన పుస్తకం మీదికి వంగాడు.

"సరే," అన్నాడు చివరికి.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక బడి వరండాలో తన తండ్రి నోటి నుంచి విన్న మాట అది. బల్లకు అవతలి పక్క నుంచి దాన్ని వినడం పుష్పావతికి ఇదే మొదలు. సంతకం పడేదాకా వేలు తియ్యలేదు. తర్వాత కాగితం మడిచి మళ్ళీ కొంగున కట్టుకుని, శ్రుతి చెయ్యి పట్టుకుని, పిండి రుబ్బుకోవడానికి ఇంటికి పోయింది.